చనిపోయాక రాసే రిపోర్టు ముందే చెప్పండి

పట్టుబడ్డ మత్తుపదార్థాల శాంపిళ్లను పరీక్షించే ల్యాబుల అధిపతులకు, ఆ ల్యాబులను నడిపే శాఖల పెద్దలకు,

నమస్కారం.

నేను బయటివాణ్ని కాను. పదకొండేళ్లు మీలాంటి ల్యాబ్‌లోనే పనిచేశాను. సీలు వేసిన కవరు విప్పడం, తూకం వేయడం, చుక్క వేయడం, మెషీన్‌కి పెట్టడం, రిపోర్టు రాసి మళ్ళీ సీలు వేయడం. అన్నేళ్లలో ఎన్ని కవర్లు విప్పానో లెక్క లేదు గానీ రెండు మాత్రం గుర్తున్నాయి. ఈ లేఖకి కారణం ఆ రెండే.

మొదటి కవరులో లేత ఆకుపచ్చ బిళ్ళలు ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక ముద్ర. అచ్చు సరిగా పడక కుడివైపు అంచు చెదిరిపోయింది. వెంట వచ్చిన కాగితంలో ‘ఎండీఎంఏ అని అనుమానం’ అని రాసి ఉంది. ఎక్‌స్టసీ పేరుతో అమ్మే మత్తుమందు అది. తెల్ల పింగాణీ పలక గుంటలోకి గుండుసూది తలంత పొడి గీకి, మందును బట్టి రంగు మారే మార్క్విస్ అనే రసాయనం చుక్క వేశాను. ఎండీఎంఏ అయితే ఏమవుతుందో మీకు తెలుసు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: చుక్క తగలగానే ముదురు ఊదా రంగు లేస్తుంది, కొన్ని సెకన్లలోనే సిరా ఒలికినట్టు నల్లబడుతుంది. ఆ రోజు పసుపు తేలింది. కాసేపు చూశాను, పసుపుగానే ఉండిపోయింది. మెషీన్‌కి పెడితే కాథినోన్లు అనే ఉత్తేజక మందుల జాతికి చెందిన వేరే మందు అని తేలింది. రెండు లైన్లలో రిపోర్టు రాశాను. ఫైలు కోర్టుకి వెళ్ళింది.

మూడు వారాలకి రెండో కవరు వచ్చింది. చనిపోయిన ఒక కుర్రాడి జేబులో దొరికింది, సగం బిళ్ళ. లేత ఆకుపచ్చ. ముద్ర చెదిరిన వైపు సగం.

నేను మా పై అధికారి దగ్గరికి వెళ్ళాను. మొదటి కవరు వచ్చిన రోజే ఆసుపత్రులకి ఒక మాట చెప్పి ఉండాల్సింది కదా సార్, అన్నాను. “మన రిపోర్టు కోర్టుకయ్యా, జనానికి కాదు” అన్నారు. ఆయన చెడ్డమనిషేం కాదు. రూలు అదే. నేనూ తిరిగి వచ్చి రెండో రిపోర్టు రాసుకున్నాను.

ముందే చెప్పి ఉంటే ఆ కుర్రాడు బతికేవాడని నేను అనను. వినేవాడో లేదో ఎవరు చెప్పగలరు? కానీ ఆ బిళ్ళలో ఏముందో తెలిసిన మనుషులు అప్పటికి ఇద్దరు ముగ్గురం ఉన్నాం. మూడు వారాల పాటు ఉన్నాం. ఎవరికీ చెప్పలేదు.

మనం వాడే మార్క్విస్ చుక్క కొత్తదేం కాదు. 1896లో ఎడ్వర్డ్ మార్క్విస్ అనే ఆయన నల్లమందు జాతి మందులను గుర్తుపట్టడానికి దాన్ని తన సిద్ధాంత వ్యాసంలో వివరించాడు. ఘాటు సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కొంచెం ఫార్మాల్డిహైడ్, అంతే. నూరేళ్లు దాటినా పోలీసు కిట్లలో అదే ఉంది, మన బల్ల మీదా అదే ఉంది. వాడేవాళ్లు తామే పరీక్షించుకోవడానికి కొనే చిన్న సీసాలోనూ అదే ఉంది. అయినా ఆ సీసా పోలీసు చేతిలో ఉంటే సాక్ష్యం అంటున్నాం, వాడే మనిషి చేతిలో ఉంటే చాలాచోట్ల నేరానికి వాడే సామగ్రి అంటున్నాం. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. హెరాయిన్ కన్నా ఎన్నో రెట్లు ఘాటైన మందు ఫెంటనిల్. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దాన్ని పరీక్షించే కాగితపు స్ట్రిప్‌ని కూడా ఆ లెక్కలోనే వేసేవారు. 2021 ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర ప్రభుత్వం తన నిధులతో ఆ స్ట్రిప్‌లు కొనుక్కోవచ్చని చెప్పింది. ఆ తర్వాతి ఏళ్లలో రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టాలు మార్చుకున్నాయి. ఏడాదికి ఓవర్‌డోస్ మరణాలు లక్షకి చేరువయ్యాక వచ్చిన తెలివి అది.

“రంగు పరీక్షని నమ్మలేం, అందుకే జనం చేతికి ఇవ్వకూడదు” అని మీలో కొందరు అంటారని తెలుసు. నేనూ ఆ మాట అన్నవాణ్నే. కానీ కోకైన్ కోసం వాడే కోబాల్ట్ థయోసయనేట్ సంగతి మనందరికీ తెలుసు కదా. కోకైన్ కాని మందులు చాలావాటికి కూడా అది నీలంగా మారుతుంది. ఆ నీలాన్ని చూపించి రోడ్డు పక్కన మనుషుల్ని అరెస్టు చేశారు. అరెస్టు చేయడానికి సరిపోయిన రంగు, ‘ఆగు, ఇది మింగకు’ అని చెప్పడానికి మాత్రం పనికిరాదా?

నమ్మకం సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి, కిట్ ఏం చెప్పగలదో ఏం చెప్పలేదో నేనే చెబుతాను. దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగేవాళ్లు దాచే సంగతులు ఇవి. తిట్టేవాళ్లేమో వీటిని తెలుసుకోరు.

మార్క్విస్ చుక్క నల్లబడితే ఎండీఎంఏ ఉండొచ్చు. ఎంత ఉందో చెప్పదు. 1990ల్లో, 2000ల్లో యూరప్‌లో ఒక బిళ్ళలో సగటున 50 నుంచి 80 మిల్లీగ్రాములు ఉండేది. 2016 నాటికి సగటు 125 దగ్గరికి వచ్చింది, కొన్ని బిళ్ళల్లో 270 కూడా దాటింది. ఆ మూడు బిళ్ళలూ పలక మీద ఒకే నలుపు. పైగా ఆ నలుపు కింద ఇంకేమైనా దాక్కోవచ్చు. ఎండీఎంఏ పేరుతో అమ్మే, అంతకన్నా ప్రమాదకరమైన పీఎంఎంఏ అనే మందు ఒక్కటే ఉంటే మార్క్విస్ రంగు మారదు, అనుమానం వస్తుంది. అదే పీఎంఎంఏని ఎండీఎంఏతో కలిపితే? నల్లబడుతుంది, వాడు నిశ్చింతగా మింగుతాడు. అందుకే ఒక్క సీసాతో ఆగకూడదంటారు. సైమన్ చుక్క ఎండీఎంఏకి నీలం, దాని దగ్గరి చుట్టం ఎండీఏకి మార్పు ఉండదు. ఎల్‌ఎస్‌డీ అని అమ్మిన కాగితం ముక్క మీద ఎర్లిక్ చుక్క వేస్తే ఊదా రావాలి. రాకపోతే అది ఎల్‌ఎస్‌డీ పేరుతో అమ్మే ఎన్‌బోమ్ లాంటి వేరే మందు కావచ్చు, దాంతో మనుషులు చనిపోయారు.

ఇన్ని చుక్కలు వేసినా గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే: నువ్వు అనుకున్నది ఇది కాదు. ‘ఇది మంచిదే, పరవాలేదు’ అని చెప్పే చుక్క ఏ సీసాలోనూ లేదు. ఈ మాట కిట్ మీద ముద్రించకుండా అమ్మేవాళ్ల మీద మీరు చర్య తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

ఫెంటనిల్ స్ట్రిప్‌ది ఇంకో కథ. అసలు మూత్రం పరీక్ష కోసం తయారైన వస్తువది. పొడి అంటుకున్న దాన్ని నీళ్లలో కలిపి, స్ట్రిప్ కొన ముంచి, తీసి బల్ల మీద పెట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. ఒక్క గీత వస్తే ఫెంటనిల్ ఉన్నట్టు, రెండు గీతలు వస్తే లేనట్టు. ప్రెగ్నెన్సీ టెస్టుకీ కోవిడ్ టెస్టుకీ అలవాటు పడ్డ కళ్ళకి ఇది తలకిందులు. చదువుకున్నవాళ్లు కూడా రెండు గీతలు చూసి హడలిపోవడం, ఒక్కటే చూసి హమ్మయ్య అనుకోవడం నేను చూశాను. ఆ రెండో పొరపాటుకి ప్రాణమే పోతుంది. ఫెంటనిల్ లేకపోతేనే స్ట్రిప్ మీద ఉన్న యాంటీబాడీ వెళ్లి గీత దగ్గర అతుక్కుంటుంది. ఉంటే అది ఫెంటనిల్‌నే పట్టుకుని ఉండిపోతుంది కాబట్టి గీత పడదు. రెండో గీత మసగ్గా ఉన్నా గీతే. ఈ సంగతి ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్లు లేకుండా స్ట్రిప్ ఒక్కటీ చేతిలో పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు.

ఇంకా ఉంది. నీళ్లు తక్కువ పోసి మెథాంఫెటమిన్‌నో ఎండీఎంఏనో చిక్కగా కలిపితే, లేని ఫెంటనిల్ ఉన్నట్టు చూపించొచ్చు. నీళ్లు సరిపడా పోస్తే ఆ గొడవ తగ్గుతుంది. ఇక పొడి అంతా ఒకేలా కలిసి ఉంటుందన్న హామీ లేదు. ఇసుకలో చిటికెడు ఇనుప రజను కలిపి ఒక మూల నుంచి చెంచాడు తీసి చూడండి, ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు. రెండు మిల్లీగ్రాముల ఫెంటనిల్ ప్రాణం తీయగలదు కాబట్టి ఆ దొరకని చెంచాతోనే ప్రమాదం. పైగా ఇప్పుడు నైటజీన్లు వచ్చాయి. అవి ఫెంటనిల్‌లాగే పనిచేసే మందులు, 1950లలో ప్రయోగశాలలో పుట్టి, మందుగా ఎప్పుడూ అమ్మకానికి రాని జాతి. ఫెంటనిల్ స్ట్రిప్ వాటిని పట్టదు, వాటికి వేరే స్ట్రిప్ కావాలి. ఏడాది తిరిగేసరికి ఇంకేం వస్తుందో.

అలాగని మెషీన్ ఉంటే చాలు, స్ట్రిప్ ఎందుకు అనడానికీ లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2016 ఏప్రిల్‌లో ఓవర్‌డోస్ మరణాల వల్ల ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ తర్వాత అక్కడి పరీక్షా కేంద్రాల్లో ఇన్‌ఫ్రారెడ్ మెషీన్లు పెట్టారు. కొన్ని నిమిషాల్లో పొడిలో ఏమేం ఉన్నాయో వరసగా చెబుతుంది. కానీ నూటికి ఐదు పాళ్ల కన్నా తక్కువ ఉన్నదాన్ని అది తరచుగా పట్టుకోలేదు. ఫెంటనిల్ అంతకన్నా తక్కువలోనే పని కానిచ్చేస్తుంది. అందుకని పెద్ద మెషీన్ పక్కనే కాగితపు స్ట్రిప్ కూడా పెట్టుకుని కూర్చుంటారు. ఒకదాని లోపం ఇంకొకటి పూడుస్తుంది. మన ల్యాబుల్లో మనం చేసేదీ అదే కదా.

ఇప్పుడు అసలు సంగతి. పరీక్షించడం ఒక ఎత్తు. ఫలితం ఎవరికి చెబుతామన్నది ఇంకో ఎత్తు.

నెదర్లాండ్స్‌లో 1992 నుంచి ఒక వ్యవస్థ నడుస్తోంది. ఎవరైనా తమ దగ్గరున్న బిళ్ళని తీసుకెళ్లి ఇవ్వొచ్చు, పట్టుకెళ్లి లోపలేయరు. ఫలితం వాళ్లకి చెబుతారు, మరీ ప్రమాదకరమైనది కనబడితే దేశమంతటికీ చెబుతారు. 2014 డిసెంబర్‌లో వాళ్లకి సూపర్‌మ్యాన్ గుర్తున్న గులాబీ రంగు బిళ్ళ వచ్చింది. ఎక్‌స్టసీ అని అమ్ముతున్నారు. అందులో ఉన్నది పీఎంఎంఏ, అదీ ఎక్కువ మోతాదులో. దీని కిటుకు ఏమిటంటే నెమ్మదిగా ఎక్కుతుంది. మింగినవాడికి గంట గడిచినా ఏమీ తెలియదు, బలం లేని బిళ్ళ అనుకుని ఇంకోటి వేసుకుంటాడు. రెండూ కలిసి పనిచేసేసరికి ఒళ్ళు కాలిపోతుంటుంది. డచ్ వాళ్లు వెంటనే ఫొటోతో సహా దేశమంతా హెచ్చరిక ఇచ్చారు. అక్కడ ఆ బిళ్ళతో ఎవరూ చనిపోలేదు. సముద్రం అవతల ఇంగ్లండ్‌లో, కొత్త సంవత్సరం వచ్చే లోపూ వచ్చాకా, అదే బిళ్ళతో నలుగురు చనిపోయారు.

రెండు చోట్లా ఒకే ముద్ర. ఈ కథ ఎప్పుడు గుర్తొచ్చినా నా ఆకుపచ్చ బిళ్ళ చెదిరిన అంచు కళ్ళ ముందుకొస్తుంది.

“ఇలా చేస్తే వాడమని ప్రోత్సహించినట్టు కాదా?” ఈ ప్రశ్న నిజాయితీగా అడిగేవాళ్లు ఉన్నారు, వాళ్లని నేను ఎగతాళి చేయను. అయితే పరీక్షకి వచ్చే మనిషి దగ్గర అప్పటికే బిళ్ళ ఉంది. కొనేశాడు. వాడాలా వద్దా అన్న ఆలోచన మన దాకా రాకముందే సగం తేల్చుకున్నాడు. మిగిలిన ఆ సగంలోనే మనకి చోటు. 2016లో ఇంగ్లండ్‌లో సీక్రెట్ గార్డెన్ పార్టీ అనే సంగీతోత్సవంలో మొదటిసారి అక్కడికక్కడే పరీక్ష పెట్టారు. వచ్చినవాళ్లలో దాదాపు ఐదింట ఒకరు తమ దగ్గరున్నది అక్కడే పారేయమని ఇచ్చేశారు. 2019లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఇలాంటి ఉత్సవంలోనే ఏడు శాంపిళ్లలో ఎన్-ఇథైల్‌పెంటిలోన్ అనే ప్రమాదకరమైన కాథినోన్ బయటపడింది, ఏడూ చెత్తడబ్బాలోకే పోయాయి. ఏ పోలీసూ ఎవరి జేబూ తడమలేదు. ‘ఇది నువ్వు కొన్నది కాదు’ అన్న ఒక్క మాట చాలింది.

అక్కడ కూర్చునేవాళ్లు ‘మీది బాగానే ఉంది, వెళ్లండి’ అని ఎవరితోనూ అనరు. అసలు వాడకపోవడమే మంచిదని మొదట చెబుతారు. తర్వాత ఏముందో చెబుతారు. గుండె జబ్బు ఉందా, వేరే మందులు వాడుతున్నావా అని అడుగుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు వద్దంటారు, ఫెంటనిల్ లాంటివాటి ఓవర్‌డోస్‌కి విరుగుడైన నలాక్సోన్ ఎలా వాడాలో చూపిస్తారు. చాలామందికి ఒక ఆరోగ్య కార్యకర్తతో ఈ సంగతి దాచకుండా మాట్లాడటం అదే మొదటిసారి. చుక్క వేసి రంగు చూడటం ఆ మాటలకి ఒక సాకు అని కూడా నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. మంచి సాకే.

దీనివల్ల ఒక దేశంలో మరణాలు ఇన్ని తగ్గాయి అని లెక్క కట్టి చూపించడం కష్టం. జరగని చావుకి కవరు రాదు, సీలు ఉండదు. ఎవరైనా పెద్ద పెద్ద అంకెలు చెబితే నేనే నమ్మను. కానీ మనం పట్టుబడ్డ సరుకు తూకాన్ని పేపర్లలో వేయించుకున్నప్పుడు, దానివల్ల ఎన్ని చావులు తగ్గాయని ఎవరైనా అడిగారా మనల్ని?

న్యూజిలాండ్ 2020 డిసెంబర్‌లో తాత్కాలికంగా, 2021లో శాశ్వతంగా చట్టం చేసి ఈ పరీక్షలకి అడ్డు తీసేసింది. 2020 డిసెంబర్‌లో మొదలైన వేసవిలోనే (అక్కడ డిసెంబరే వేసవి) ఎండీఎంఏ పేరుతో యూటిలోన్ అనే కాథినోన్ విపరీతంగా తిరిగింది. పరీక్షించేవాళ్లు దాన్ని పట్టుకుని జనానికి చెబుతూ పోయారు. చట్టం చేయడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. మిమ్మల్ని నేను అడిగేది అంతకన్నా చిన్నది. ఇప్పటికే మీ చేతిలో ఉన్నదే.

పట్టుబడ్డ సరుకులో ఉండకూడనిది కనబడిన రోజే ఆ బిళ్ళ ఫొటో, రంగు, ముద్ర, బరువు, అందులో ఉన్న పదార్థం పేరు ఆరోగ్య శాఖకి, ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకి పంపండి. వాళ్ల నుంచి జనానికి వెళ్లాలి. నిందితుడి పేరు అక్కర్లేదు, కేసు నంబరు అక్కర్లేదు, ఎక్కడ దొరికిందో కూడా చెప్పక్కర్లేదు. కేసు చెడిపోతుందని భయపడేవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదవండి. డాక్టరుకి ముందే తెలిస్తే, ఒళ్ళు కాలిపోతూ వచ్చిన మనిషికి ఏం చేయాలో వెతుక్కోకుండా మొదలుపెడతాడు.

కిట్లనీ స్ట్రిప్‌లనీ నేరపు సామగ్రి జాబితాలోంచి తీసేయమని మీ అభిప్రాయం అడిగినప్పుడు, ‘నమ్మలేం’ అన్న ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఎంతవరకు నమ్మొచ్చో, ఎక్కడ నమ్మకూడదో రాయండి. నేను పైన రాసిందంతా మీరు నాకన్నా బాగా రాయగలరు. కుదిరితే, జనం తెచ్చే శాంపిళ్లకి మీ మెషీన్‌లో వారానికి కొన్ని గంటలు ఇవ్వండి. మెషీన్ ఖాళీగా ఉండే గంటలు ఉంటాయి, నాకు తెలుసు. పరీక్ష జరిగే చోట గుమ్మం దగ్గర యూనిఫారం కనబడకూడదన్నది మాత్రం ముందే మాట్లాడుకోవాలి. కనబడిందా, ఇక ఎవరూ రారు.

చివరగా, రిపోర్టు ఫారం గురించి. నేను పనిచేసినప్పుడు అందులో నాలుగు గడులు ఉండేవి: అందిన తేదీ, వివరణ, బరువు, ఫలితం. కింద సంతకం. దానికి ఐదో గడి ఒకటి చేర్చండి. ‘ఈ సంగతి ఎవరికి చెప్పాం, ఏ తేదీన.’ మొదట్లో చాలా ఫారాల్లో అది ఖాళీగానే ఉంటుంది. ఉండనివ్వండి. ఖాళీ గడి కింద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఇట్లు,
ఒకప్పటి ల్యాబ్ ఉద్యోగి